నూట అరవయ్యో మీటరు

తాళ్ళ బాబాయ్ ఫోన్ చేసింది నవ్వడానికే. చెడ్డ కబురు మోసుకొచ్చే ఫోను ఏడుస్తూ రావాలి, లేదా మధ్యలో ఠక్కున ఆగిపోవాలి. ఇదేమో పకపకా నవ్వుతూ వచ్చింది. అందుకే అతుకులక్క కూడా మొదట నవ్వింది.

"అమ్మాయ్, నీ పెట్టె మామూలుది కాదే తల్లీ, మహిమ గలది!" అన్నాడాయన.

"ఏం చేసింది బాబాయ్?" అంది ఆమె, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతిలోని స్క్రూడ్రైవరు పని ఆపకుండానే.

"ఏం చేసిందా! ఇప్పుడే కొత్త తాడు చుట్ట ఒకటి సీలు పీకి పరీక్షకి ఎక్కించాను. కంపెనీ వాడు అట్ట మీద రెండొందల మీటర్లని రాశాడు. నీ పెట్టె ఎంత చూపించిందో చెప్పుకో చూద్దాం. రెండొందల పాతిక! పాతిక మీటర్లు కొసరు! నా సర్వీసు మొత్తం మీద నాకు గుండుసూది కొసరేసిన మహానుభావుడు లేడు. ఈ కంపెనీ వాడు చల్లగా ఉండాలి!"

అతుకులక్క గట్టిగా నవ్వింది. "అయితే ఆ పాతిక మీటర్లూ నాకిచ్చెయ్యండి బాబాయ్, బట్టలారేసుకుంటాను," అంది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఈవిడ నవ్వు మాత్రం సగంలో ఆగింది. స్క్రూడ్రైవరు పెట్టిన చోటే ఉండిపోయింది.

రెండొందలకి పాతిక. అంటే ఎనిమిదికి ఒకటి.

ఆ ఎనిమిదికి ఒకటి ఆమెకి బాగా తెలుసు. పోయిన వారం తన చేత్తో తానే పెంచిన లెక్క అది.

ఆమెని అతుకులక్క అన్నారంటే బట్టలకి అతుకులు వేస్తుందని కాదు. ఆమెది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. ఒక గోడ పొడుగునా పాత పెట్టెలు, రెండో గోడకి వాటిలోంచి పీకిన బోర్డులు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చుగా అని ఎవరైనా అంటే ఆమెకి ఒళ్ళు మండేది. కొనుక్కోవచ్చు, ఎవరు కాదన్నారు? కానీ కొందరి పాత పెట్టెలో ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డుకి వాళ్ళ బతుకుతెరువు యంత్రం తగిలించి ఉంటుంది. ఆ కార్డు పట్టే గాడి ఇప్పటి కంప్యూటర్లలో దివిటీ పెట్టి వెతికినా దొరకదు. అలాంటివాళ్ళే ఈవిడ గుమ్మం ఎక్కేది.

వాళ్ళ కోసం ఆమె ఒక విద్య పట్టింది. పాత బోర్డులో ఉన్న నత్తనడక ప్రాసెసర్ని తీసేసి, దాని తర్వాతి తరం ప్రాసెసర్ని తెచ్చి పెట్టడం. ఊరికే పెడితే కూర్చోదు. కాళ్ళు వేరు, చిల్లులు వేరు, తాగే కరెంటు వేరు. అందుకని రెంటికీ మధ్య అడాప్టరు అనే చిన్న పచ్చ పలకని పెడతారు. కింద పాత సాకెట్‌కి ఒదిగిపోయి, పైన కొత్తదానికి చోటిచ్చి, కరెంటు తగ్గించి అందించే అతుకు అది. అలాంటి అడాప్టర్లు ఆమె సొరుగు నిండా ఉండేవి. పాత పెట్టె ప్రాణం పోసుకుని పరిగెత్తడం చూస్తే ఆమె కడుపు నిండిపోయేది.

ఆమెకి తాళ్ళ బాబాయ్ పని తెచ్చిపెట్టింది ఆమె ఆడపడుచు. ఇంట్లోవాళ్ళూ పనిలోవాళ్ళూ అందరూ ఆ పిల్లని పిట్ట అంటారు. అనరా మరి? ఆకాశమంత మేడలకి బయటివైపు అద్దాలు తుడవడం ఆమె ఉద్యోగం. పైకప్పు నుంచి ఒక ఉక్కు తాడు వేలాడదీస్తారు. ఆ తాడుని పట్టుకుని పాకే చిన్న మోటారు, దాని కింద ఒక కుర్చీ, కుర్చీలో పిట్ట. మీట పైకంటే పైకి, కిందికంటే కిందికి. ఆమెకి అదొక ఆట.

అతుకులక్కకి మాత్రం ఎత్తంటే చచ్చేంత భయం. "బల్బు మార్చాలంటే స్టూలెక్కడానికి మా అన్నయ్య చెయ్యి కావాలి నీకు. ఒక్కసారి నా కుర్చీలో కూర్చో వదినా, లోకం ఎలా ఉంటుందో చూపిస్తాను," అని పిట్ట ఏడిపించేది. "నీ లోకం నీ దగ్గరే ఉంచుకో తల్లీ, నాకు నేల చాలు," అనేది ఈవిడ.

ఆ ఉక్కు తాళ్ళన్నీ అప్పుడప్పుడూ పరీక్షకి పోవాలి. ఆ పరీక్ష గది నడిపేది తాళ్ళ బాబాయే. తాడుని అయస్కాంతం అమర్చిన ఒక తీగచుట్టలోంచి ఒకే వేగంతో లాగుతారు. లోపల ఎక్కడన్నా తీగలు తెగి ఉంటే ఆ చోటు దాటుతున్నప్పుడు కంప్యూటరులోని పాత కార్డుకి తెలుస్తుంది. తాడు ఎంతసేపు నడిచిందో చూసుకుని దెబ్బ ఎన్నో మీటరు దగ్గరుందో అదే చెబుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ గీత గీసి చూపించడానికి ఆ ముసలి పెట్టెకి సగం పూట పట్టేది. తాళ్ళు గుట్టలు పడేవి, కుర్చీలు ఖాళీగా పడుండేవి, పనిలేక పిట్ట గోళ్ళు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చునేది.

"మా వదిన ఉంది బాబాయ్. కదలని కంప్యూటర్ని కూడా పరిగెత్తిస్తుంది," అని కోసింది పిట్ట. కోతలకి ఆ ఇంట్లో లోటు లేదు.

అతుకులక్క వెళ్ళింది. అడాప్టరు పెట్టి కొత్త ప్రాసెసర్ని కూర్చోబెట్టింది. సగం పూట పని గంటలోకి దిగింది. బాబాయ్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అక్కడితో ఆగి ఇంటికి వచ్చేస్తే ఈ కథే లేదు.

ఆగితే ఆవిడెందుకవుతుంది? ఈ విద్య పట్టినవాళ్ళందరికీ ఒకటే దురద. ఇంకొక్క మెట్టు. బోర్డు మీద వేగం నిర్ణయించే చిన్న ప్లాస్టిక్ మూత ఒకటుంటుంది, దాన్ని పీకి పక్క సూదులకి తొడిగితే బోర్డంతా ఇంకాస్త గబగబా నడుస్తుంది. తొడిగింది. ఎనిమిదికి తొమ్మిదయింది వేగం. తర్వాత పద్ధతి ప్రకారం భయపడవలసిన వాటికన్నిటికీ భయపడింది. వేడెక్కుతుందేమోనని పొద్దుగూకేదాకా లెక్కలు చేయించి వేలు పెట్టి చూసింది. మధ్యలో బిగుసుకుపోతుందేమోనని కాపలా కాసింది. ఏమీ కాలేదు. గర్వంగా పెట్టె మూత బిగించి వచ్చేసింది.

ఆమె చూడనిది ఒక్కటే. ఆ పాత కార్డుకి సొంత గడియారం లేదు. బోర్డు నడక చూసే అది కాలం కొలుస్తుంది. బోర్డుని తొందరపెడితే కార్డూ తొందరపడుతుంది. ఎనిమిది మీటర్లు నడిచిన తాడుని తొమ్మిదంటుంది.

"అమ్మాయ్, ఉన్నావా?" అంటున్నాడు ఫోన్లో బాబాయ్.

"బాబాయ్," అంది. "నేను పెట్టె బాగుచేశాక ఎన్ని తాళ్ళు చూశారు?"

"ఏడో ఎనిమిదో. ఏం?"

"వాటిలో దెబ్బ ఉన్నవి?"

"ఒక్కటేనే. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ ఒక్కటీ పాత తాడు, నూట ఎనభయ్యో మీటరు దగ్గర దెబ్బ చూపించింది. నేనే టేపు పెట్టి కొలిచి నూట డెబ్బై ఎనిమిది దగ్గర కోసేశాను. దెబ్బ ఉన్న కొస పారేసి, బాగున్న ముక్క ఇచ్చి పంపాను."

నూట ఎనభై కాదు. నూట అరవై. అంటే కోసి పారేసింది బాగున్న ముక్క. దెబ్బ ఉన్నది ఇచ్చి పంపిన దాంట్లో. అతుకులక్క ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఆ కోసిన ముక్క ఇంకా ఉందా?"

"మూల పడుంది."

"ఒక్కసారి చూడండి. తీగలు విప్పి చూడండి బాబాయ్."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఇనుము ఈడ్చిన చప్పుడు. తీగలు విప్పుతున్న కరకర. మళ్ళీ వచ్చిన గొంతులో నవ్వు లేదు.

"నున్నగా ఉంది తల్లీ. ఒక్క తీగ కూడా చెదరలేదు. ఏంటిది?"

ఆమె చెప్పింది. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పింది. అయినా ఆయనకి అర్థమైంది. జీవితమంతా తాళ్ళతో గడిపిన మనిషి.

"ఆ తాడు ఎక్కడుంది బాబాయ్?"

అవతల చిట్టా కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"బాబాయ్!"

"మీ పిట్ట వాళ్ళ మేస్త్రీయే పట్టుకెళ్ళాడమ్మా. మొన్న. కొత్తగా కట్టిన ఆ గాజు మేడకి సరిగ్గా సరిపోయిందని సంబరపడ్డాడు."

పై ప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో అతుకులక్కకి అప్పుడు తెలిసింది. పొద్దున్న పిట్ట తన చేతి టీ తాగి, "ఇవాళ ఆ మేడ ఎదురు మొహం కడగాలి వదినా, నా మొహం కూడా ఇంత శుభ్రంగా ఎప్పుడూ కడుక్కోలేదు," అని నవ్వుకుంటూ వెళ్ళింది.

కొట్టు తలుపు వేసిందో లేదో ఆమెకి తెలియదు. టాక్సీ ఎక్కి పిట్ట నంబరు నొక్కింది. మోగుతోంది. మోగుతూనే ఉంటుంది. వాళ్ళ పనిలో ఫోను పైకి తీసుకెళ్ళనివ్వరు. అంత ఎత్తు నుంచి జారిపడితే కింద నడిచేవాడి బుర్ర పగులుతుందని అందరి ఫోన్లూ కింద రేకుపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ రేకుపెట్టెలో పిట్ట ఫోను తన పేరు చూపిస్తూ మోగడం అతుకులక్కకి కళ్ళకి కట్టింది. అయినా ఆపకుండా నొక్కింది.

నడుముకి బెల్టుందిగా, ఆ బెల్టు కట్టిన కాపలా తాడు వేరే ఉందిగా అని మనసుకి చెప్పుకుంది. ఉంది. కానీ ఆ కాపలా తాడు కూడా అదే గదిలో, అదే పెట్టె ముందు పరీక్ష రాసి వచ్చింది. దాన్ని నమ్మాలంటే ముందు తనని తాను నమ్మాలి.

ఫోను మోగింది. బాబాయ్.

"మేస్త్రీ దొరికాడు తల్లీ! తాడు అనుమానం, పిల్లని వెంటనే దింపెయ్ అని చెప్పాను. దింపేస్తున్నానన్నాడు. ఏడవకు, గండం గడిచింది."

అతుకులక్క సీటులో వెనక్కి వాలింది. హమ్మయ్య అనుకుంది. హమ్మయ్య అనుకుంటూనే, పాడు బుర్ర ఊరుకోదు కదా, ఆ తాడుని కళ్ళముందు నిలువుగా వేలాడదీసుకుంది. నూట అరవయ్యో మీటరు. ఎటు నుంచి?

"బాబాయ్, మీరు తాడుకి ఒక కొసన ఎర్రరంగు వేస్తారు కదా. ఏ కొసకి?"

"మొదలుకి. పరీక్షలో ముందు దూరే కొసకి. కొలత అక్కణ్ణించే కదా."

"మేడ మీద కట్టేటప్పుడు ఆ ఎరుపు పైనా కిందా?"

"ఎరుపెప్పుడూ పైనే. మా పద్ధతదే..." అంటూ ఆయనే ఆగిపోయాడు.

ఎరుపు పైన. పైనుంచి నూట అరవై మీటర్లు కిందికి. తాడు మొత్తం నూట డెబ్బై ఎనిమిది, అంటే దెబ్బ నేలకి పద్దెనిమిది మీటర్ల ఎత్తున, అయిదో అంతస్తు దగ్గర ఉంది. మోటారు తాడు పట్టుకుని పాకుతుంది కాబట్టి బరువంతా మోటారుకి పైనున్న తాడు మీదే. కిందున్నది ఊరికే వేలాడుతుంటుంది. పిట్ట ఎత్తున ఉన్నంతసేపూ ఆ దెబ్బ ఆమె కాళ్ళ కింద ఎక్కడో ఉన్నట్టు. ఆమెకి దానితో పనిలేదు. దిగితే మాత్రం అది మోటారు పళ్ళలో నలిగి, తల పైకి వచ్చి, ఆమె బరువు మోయవలసి వస్తుంది.

"దింపొద్దని చెప్పండి!" అని అరిచింది. టాక్సీవాడు ఉలిక్కిపడి బ్రేకు నొక్కాడు.

"మేస్త్రీ ఫోను ఎత్తట్లేదమ్మా! గదిలో ఉన్న రెండో ఫోన్లోంచి చేస్తూనే ఉన్నాను!"

ఎందుకు ఎత్తుతాడు? ఇప్పుడు మేస్త్రీ ఒక చేత్తో వాకీటాకీ పట్టుకుని, తలెత్తి, పిల్లని జాగ్రత్తగా దింపే పనిలో ఉంటాడు. ఎంత జాగ్రత్తగా దింపుతున్నాడో అంత తొందరగా చంపుతున్నాడు. ఆ దింపమన్న మాట పుట్టింది తను చెప్పిన కబురులోంచే. ముందు ఎర్రదీపం దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. వాటి మీదుగా గాజు మేడ కొస కనిపిస్తోంది. అతుకులక్క తలుపు తోసి దిగి పరిగెత్తింది.

మేడ ముందు తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. ఆమె ఆ అడ్డుతాడు కింద నుంచి దూరిపోయింది. తలెత్తింది. ఎత్తంటే తల తిరిగే మనిషికి కింద నుంచి పైకి చూసినా తిరుగుతుంది. అద్దాల గోడ మీద చిన్న పసుపు చొక్కా, కాళ్ళు ఊపుకుంటూ, కిందికి జారుతోంది. సగం ఎప్పుడో దాటేసింది.

"రా రా, అలాగే రా, తొందరేం లేదు," అంటున్నాడు మేస్త్రీ వాకీటాకీలో.

అతుకులక్క వెళ్ళి ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుంది. "పిట్టా, ఆగు! దిగకు! పిట్టా!"

పసుపు చొక్కా ఆగలేదు. నొక్కి పట్టుకుంటేనే మాట పైకి పోతుందని ఈవిడకేం తెలుసు! కంప్యూటర్ల లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి ఆ పక్క మీట ఒక్కటి చూడలేదు. మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరమ్మా నువ్వు? ఇవ్విటు! మనిషి ప్రాణాల మీద పనిది!"

"తాడు తెగుతుంది! దించితే తెగుతుంది!"

"అందుకే కదమ్మా దించుతున్నాను!"

"దెబ్బ కింద ఉంది మేస్త్రీ గారూ! పైన కాదు! అయిదో అంతస్తు దగ్గర ఉంది. అక్కడికొస్తే..." ఆయన చొక్కా పట్టుకుని చేత్తో చూపించింది.

మేస్త్రీ ఆమె వేలు చూశాడు, తాడు చూశాడు, దిగుతున్న కుర్చీ చూశాడు. వాకీటాకీ తిరిగి లాక్కుని మీట నొక్కాడు. "పిట్టా, ఆపు! ఉన్నచోటే ఆపు!"

కుర్చీ ఆగింది. ఎనిమిదో అంతస్తు అద్దం ముందు కాస్త ఊగి నిలబడింది.

"ఏంటి మేస్త్రీ, దిగమంటారు, ఆగమంటారు! నేనేమన్నా మీ చేతిలో బొంగరాన్నా?" అంది వాకీటాకీలో పిట్ట గొంతు. తర్వాత కిందికి వంగి చూసింది. "అయ్యో, అక్కడున్నది మా వదినేనా? ఏం వదినా, లోకం చూడ్డానికొచ్చావా?"

అతుకులక్కకి ఏడుపొచ్చింది. మింగేసింది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి.

"పైకి పంపండి. పైకప్పు దాకా. అక్కడ దిగమనండి."

"ఏదన్నా తేడా వస్తే కిందికి దింపడమే మాకు తెలిసింది. పైకి పంపడం నేనెప్పుడూ వినలేదు. నీ లెక్క తప్పయితే? ఎక్కించినవాళ్ళు ఎరుపు కొస కింద పెట్టి ఉంటే? అప్పుడు దెబ్బ పైనే ఉన్నట్టు. మళ్ళీ అంత దూరం దాని మీద వేలాడదియ్యమంటావా ఆ పిల్లని?"

ఆమె తలెత్తి ఆ తాడు వంక చూసింది. పోయిన వారం పెట్టె మూత బిగించినప్పుడు కూడా లెక్క సరిగ్గానే ఉందనుకుంది. ఆ నమ్మకమే ఇప్పుడు ఎనిమిదో అంతస్తు దగ్గర కాళ్ళూపుకుంటూ కూర్చుంది.

"నేను చూసొస్తాను," అంది.

అయిదో అంతస్తులో ఏదో ఆఫీసు. కుర్చీల్లోంచి జనం లేచి చూస్తుండగానే ఆమె బల్లల మధ్య నుంచి ఎదురు గోడ దాకా వెళ్ళింది. కిటికీ ఒకటి బయటికి తెరుచుకుంది. గాలి మొహాన కొట్టింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో తాడు, నిటారుగా. కింద రోడ్డు, రోడ్డు మీద బొమ్మలంత మనుషులు, వాళ్ళలో మేస్త్రీ. అతుకులక్క కిటికీ చట్రం పట్టుకుంది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఏమీ అడక్కుండా ఆమె నడుము రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆమె సగం దాకా బయటికి వంగింది.

తాడు నల్లగా, గ్రీజు పట్టి, నున్నగా ఉంది. ఇక్కడ లేకపోతే పైన ఉన్నట్టే. గుప్పిట్లో పట్టుకుని మెల్లగా పైకి జరిపింది. ఏమీ లేదు. ఇంకా పైకి. ఏమీ లేదు. మునివేళ్ళ మీద లేచి చెయ్యి అందినంత దూరం చాపింది.

అరచేతిలో కస్సున దిగింది.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్ళతో తడిమింది. తెగిన తీగలు, ఒకటీ రెండూ కాదు, గుప్పెడు, గ్రీజులోంచి ముళ్ళలా పైకి లేచి ఉన్నాయి. ఒక పాయ మొత్తం తెగి విచ్చుకుంది. మిగిలినవి తుప్పు పట్టి, వేలు పెడితే పొడి రాలుతోంది. మణికట్టు మీదుగా రక్తం కారి మోచేతి దాకా వచ్చింది. నొప్పి తెలియలేదు. ఆ ముళ్ళు దొరికినందుకు వాటికి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఉంది!" అని కిందికి అరిచింది. "ఇక్కడే ఉంది! పంపండి, పైకి పంపండి!"

తల తిప్పి పైకి చూసింది. అక్కడ పిట్ట బూట్లు. కాసేపు కదల్లేదు. తర్వాత మోటారు గుర్రుమంది, బూట్లు చిన్నవవడం మొదలుపెట్టాయి. అవి చుక్కంతయి, కొస దాటి, కనిపించకుండా పోయేదాకా ఆమె కిటికీ వదల్లేదు. ఊపిరి కూడా తీసుకోలేదని వెనకున్న ఆడమనిషి తర్వాత అందరికీ చెప్పింది.

ఈలోగా బాబాయ్ పరీక్ష గదిలో పెట్టెకి కరెంటు పీకేశాడు. తాళ్ళు పట్టుకెళ్ళిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి, మళ్ళీ చెప్పేదాకా ఎవరూ ఎక్కొద్దన్నాడు. ఈ మాట ఆమె లిఫ్టులో పైకి పోతుండగా ఫోన్లో చెప్పాడు. ఆమె ఊ కొట్టింది కానీ చెవికెక్కలేదు.

పైకప్పు మీద, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది పిట్ట. సీసాలో నీళ్ళు తాగుతోంది. వదినని చూసి లేవబోయింది.

"ఇంత ఎత్తుకి ఎలా వచ్చావు వదినా? అన్నయ్య చెయ్యి లేకుండానే? ఇంటికెళ్ళి చెబితే ఎవరూ నమ్మరు... ఆ చెయ్యేంటి, ఆ రక్తమేంటి?"

అతుకులక్క ఆమె ఎదురుగా కూలబడింది. అంతా చెప్పింది. అడాప్టరు సంగతి, ఇంకొక్క మెట్టు సంగతి, కొసరు పాతిక మీటర్ల సంగతి. "నేనే పిట్టా. నా చేత్తోనే నిన్ను ఆ తాడుకి కట్టాను," అంది. అప్పటిదాకా మింగిన ఏడుపంతా ఒక్కసారే బయటికొచ్చింది.

పిట్ట నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకుండా ఉండగలదని అతుకులక్కకి అప్పటిదాకా తెలియదు. సీసా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"అదా అది," అంది చివరికి.

"ఏది?"

"మొన్నటి నుంచీ ఎక్కేటప్పుడు అయిదో అంతస్తు దగ్గర మోటారు టక్కుమంటోంది. దిగేటప్పుడూ అంతే. నిన్న సాయంత్రం కాస్త గట్టిగా అంది. ఇవాళ పొద్దున్న ఎక్కేటప్పుడైతే కుర్చీ అదిరింది."

అతుకులక్క ఏడుపు ఆగిపోయింది. "మరి మేస్త్రీకి చెప్పలేదేం? దిగెయ్యలేదేం?"

"చెబుదామనే అనుకున్నా వదినా." పిట్ట సీసా పక్కన పెట్టింది. "మళ్ళీ, మా వదిన పెట్టెలోంచి వచ్చిన తాడు కదా, దానికేమవుతుందిలే అని ఎక్కేశాను."

అతుకులక్క ఇంకేమీ అడగలేదు. చెయ్యి చాపి పిట్ట నడుము బెల్టుకున్న కొక్కెం పట్టుకుంది. లేచినప్పుడూ పట్టుకునే లేచింది. లిఫ్టులో పట్టుకునే నిలబడింది. లిఫ్టు ఒక్కో అంతస్తూ దిగుతూ అయిదో అంకె వెలిగినప్పుడు ఆమె పిడికిలి ఇంకా బిగుసుకుంది. కింద మేస్త్రీ ఎదురొచ్చి ఏదో అంటున్నాడు. జనం మూగారు.

"ఇక వదులు వదినా," అంది పిట్ట మెల్లగా. "నేల మీదున్నాం."

ఆమె వదల్లేదు.